నొసటి రాత, దఫ్తరు రాత

మా అమ్మమ్మది కరీంనగర్ దగ్గర పల్లె. పాలు విరిగినా, అల్లుడు అలిగినా ఆమెది ఒకటే మాట: "ఏం జేస్తం బిడ్డా, నొసటి రాత!" మనం మాత్రం తక్కువా? "నా కర్మ" అంటూ నుదురు కొట్టుకుంటాం. చిత్రమేమిటంటే కర్మ, కారణం రెండూ 'చేయడం' అనే అర్థమున్న ఒకే సంస్కృత ధాతువుకు పుట్టిన అక్కచెల్లెళ్ళు. కానీ కర్మ అనగానే నోరు మూసుకుంటాం. కారణం అంటే మాత్రం ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని ఆరా తీయక తప్పదు.

అలాంటి ఆరా ఒకటి మా పక్కనున్న ఆదిలాబాద్ అడవుల్లో జరిగింది. 1940లో జోడేఘాట్ గుట్టల్లో కొమురం భీం పోలీసు కాల్పుల్లో ప్రాణాలు విడిచాడు. ఆ తరువాత, అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా పండితుణ్ణి పంపింది. (ముందు కాల్చి తరువాత కారణం అడగడం సర్కార్లకు అలవాటేమో!) ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్‌తో కలిసి మార్లవాయి అనే గోండు గూడెంలో మకాం పెట్టాడు.

ఆయనకు తేలిందేమిటి? గోండుల రాత నొసట లేదు, దఫ్తరులో ఉంది! తాతల నాటి చేలను గీత గీసి రిజర్వు అడవిలో కలిపేశారు. పోడు కొట్టొద్దన్నారు. మంచి నేలకు పట్టాలు బయటినుంచి వచ్చినవాళ్ళ పేర్ల మీద లేచాయి. ఆ కాగితాల్లో ఏముందో చదవడం గోండుకు రాదు. కారణం దొరికింది కనుక మందూ దొరికింది. వేలాది కుటుంబాలకు పట్టాలిచ్చారు. 1943లో మార్లవాయిలో గోండు పంతుళ్ళ శిక్షణకు బడి పెట్టారు, గోండీ భాషలోనే వాచకాలు రాయించారు. నొసటి రాతే అయితే బడి పెట్టి ఏం లాభం చెప్పండి!

అంతటితో కథ కంచికి వెళ్ళలేదు. గిరిజనుల భూమి ఇతరులు కొనకూడదని 1970లో చట్టం బిగించినా, ఆ దశకంలో హైమన్‌డార్ఫ్ తిరిగి వచ్చి చూసేసరికి చాలా చేలు మళ్ళీ చేతులు మారి ఉన్నాయి.

ఇది చదివినప్పుడల్లా అమ్మమ్మే గుర్తొస్తుంది. తాతయ్య పోయాక రెండెకరాల చెలక పాలోళ్ళ పేరు మీదికి పోయింది. "నా రాత" అనుకుంటూనే ఆమె కూడా వెళ్ళిపోయింది. పహాణీలో ఆమె పేరు ఏ ఏడు పోయిందో, ఎవరు కొట్టేశారో, చదువుకున్న మనవరాళ్ళం ఇంతమందిమి ఉండీ ఒక్కరమూ అడగలేదు.