మరువం

మరువం (ఒరిగానమ్ మజొరానా) తులసి, పుదీనాల కుటుంబమైన లామియేసీకి చెందిన సుగంధ మొక్క. సైప్రస్, దక్షిణ టర్కీ ప్రాంతాలు దీని పుట్టిల్లు. శాస్త్రీయ నామం పెట్టినవాడు లిన్నేయస్ (1753). అడుగు, రెండడుగుల ఎత్తు పెరుగుతుంది. చిన్న ఆకుల మీద బూడిదరంగు నూగు, కొమ్మల చివర తెల్లని పూలగుత్తులు ఉంటాయి. పిజ్జా మీద చల్లే ఒరెగానో దీని దగ్గరి చుట్టమే అయినా దాని ఘాటు దీనికి లేదు. ఐరోపాలో ఇది వంటదినుసు. రామచంద్రపురంతో సహా గోదావరి డెల్టాలో మాత్రం పూలకొట్టు సరుకు.

ఒకే ఆకుకు రెండు చోట్ల రెండు కొలువులు దొరకడానికి కారణం దాని వాసన తీరులోనే ఉంది. పచ్చి మరువానికి ప్రత్యేకమైన పరిమళాన్నిచ్చేది ప్రధానంగా సబినీన్ హైడ్రేట్. వేడికి, పులుపుకి అది నిలవదు, టెర్పినెన్-4-ఓల్‌గా మారిపోతుంది. మన వంటలో మొదట కాగిన నూనెలో తాలింపు, ఆ తరువాత చింతపండు పులుసులో ఉడుకు. ఈ రెండింటినీ తట్టుకునే కరివేపాకు ఉండగా మరువానికి పొయ్యి దగ్గర పనిలేదు. మాలలో దాని అవసరం వేరు. కనకాంబరానికి రంగే తప్ప వాసన లేదు. మరువం వాడినా పరిమళం వదలదు కనుక ఆ లోటు తీరుస్తుంది.

దేవుడికి, కొప్పుకి వాడేదాన్ని తినరాదన్న ఆచారమే కారణమని అనవచ్చు. కానీ తులసిదళం తీర్థంలో పుచ్చుకుంటాం, నైవేద్యం పెట్టిన కొబ్బరి పచ్చడి చేసుకుంటాం. కాబట్టి ఆ వాదన చాలదు. జర్మన్లు సాసేజీల్లో వేసి వండుతారు కదా అన్నది ఇంకాస్త బలమైన అభ్యంతరం. అయితే అక్కడ వాడేది ఎక్కువగా ఎండుమరువం, అదీ కొవ్వుతో కలిసి పైతొడుగులో మూసి ఉంటుంది. సూపుల్లోనైతే చివర్లో చల్లుతారు. నేల సరిపడదన్న మాటలో కొంత నిజముంది. వరికి నచ్చే నీరు నిలిచే చేలో దీని వేళ్లు కుళ్లిపోతాయి. కానీ కడియపులంక నర్సరీల సీమలో కుండీ పెంపకం కొత్త కాదు. నీరు జారే మట్టి, మంచి ఎండ ఉంటే చాలు, కొమ్మ నాటినా బతుకుతుంది.

కనుక ఇక్కడి వంటలోకి మరువం రావాలంటే పులుసు, వేపుడు దారి కాదు. పెరుగుపచ్చడిలో తరిగి కలపడం, దించిన పప్పు మీద చల్లడం దాని గుణానికి తగిన పద్ధతులు.