పిల్లల తలలో పేలు: చేయాల్సినవి, చేయకూడనివి

బడి నుంచి వచ్చిన పాప అదే పనిగా తల గోక్కుంటుంటే ఇంట్లో మొదట వచ్చే అనుమానం పేలు. ఆ వెనకే "తల శుభ్రంగా ఉంచడం లేదా?" అని తల్లి మీద మాట పడుతుంది. నిజానికి రోజూ తలస్నానం చేసే పిల్లలకూ పేలు పడతాయి. పేను ఎగరదు, దూకదు. పిల్లలు తలలు ఆనించి ఆడుకున్నప్పుడు, పక్కపక్కన పడుకున్నప్పుడు ఒక తల నుంచి ఇంకో తలకు పాకుతుంది. దువ్వెన, స్కార్ఫ్, టోపీ మార్చుకున్నా అప్పుడప్పుడు అంటుకోవచ్చు.

ఎలా గుర్తుపట్టాలి?

పెద్ద పేను నువ్వుగింజంత ఉంటుంది. ఈపులు, అంటే పేల గుడ్లు, చెవుల వెనక, మెడ పైన వెంట్రుకల మొదట్లో అతుక్కుని ఉంటాయి. చుండ్రు దులిపితే రాలుతుంది, ఈపి రాలదు. ఈపులు సుమారు 7 నుంచి 10 రోజుల్లో పిల్లలవుతాయి. అందుకే ఒక్కసారి మందు రాసి ఊరుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఏం చేయాలి?

* తడి జుట్టుకు కండిషనర్ పట్టించి, పేల దువ్వెనతో పాయలు పాయలుగా కుదుళ్ల నుంచి చివరిదాకా దువ్వాలి. దువ్విన ప్రతిసారీ తెల్లగుడ్డకు తుడవాలి. 3, 4 రోజులకోసారి, కనీసం 2 వారాలు ఇలా చేయాలి.
* మందు కావాలంటే 1 శాతం పెర్మెత్రిన్ లోషన్ ఉంది. షాంపూతో కడిగి తుడిచిన జుట్టుకు రాసి, 10 నిమిషాలయ్యాక కడిగేయాలి. 9వ రోజు మరోసారి రాయాలి. 2 నెలలలోపు పసిపిల్లలకు వాడకూడదు.
* ఇంట్లో అందరి తలలూ అదే రోజు చూడాలి.
* దిండు గలీబులు, స్కార్ఫులు వేడినీళ్లలో ఉతికి ఎండలో వేస్తే చాలు. తల వదిలిన పేను 2 రోజులకు మించి బతకదు.

ఇవి మాత్రం వద్దు

కిరోసిన్ రాస్తే చర్మం మండుతుంది, పొయ్యి దగ్గరికి వెళ్తే ప్రాణానికే ముప్పు. చీమల మందు, పురుగుల మందు విషం. సీతాఫలం గింజల పొడి పాత చిట్కానే, కానీ కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. ఆడపిల్లకు ఏడిపించి గుండు చేయించాల్సిన పనీ లేదు.

తలలో పుండ్లు, చీము కనిపించినా, రెండుసార్లు మందు రాసినా పేలు కదులుతున్నా డాక్టర్‌కు చూపించాలి.

పేల కోసం బడి మాన్పించనక్కర్లేదు. కలిసి ఆడుకునే పిల్లల అమ్మలకు మాత్రం చెప్పాలి. సిగ్గుపడి దాచిపెడితే వారం తిరక్కుండానే అవే పేలు మళ్లీ ఇంటికొస్తాయి.