వెట్టి, దానం, పోగు: ఇవ్వడంలోని సంతోషం ఎక్కడిది?

ఇచ్చేవాడికే సంతోషం ఎక్కువ అని పెద్దలు చెబుతారు. బడిలో పిల్లలకు చెప్పే నీతికథల్లోనూ ఇదే మాట ఉంటుంది. కాని గిరిజనులమైన మనకు ఈ మాట అంత సులువుగా గొంతు దిగదు. మన తాతముత్తాతలు ఇచ్చినంతగా ఎవరు ఇచ్చారు? అడవి ఇచ్చారు, భూమి ఇచ్చారు, రెక్కల కష్టం ఇచ్చారు. ఇచ్చినందుకే సంతోషం వచ్చేటట్టయితే ఈ దేశంలో మనకన్నా సుఖపడ్డవాళ్లు ఉండకూడదు. అట్లా జరగలేదు. కాబట్టి ఆ మాటలో ఎంత నిజం ఉందో చరిత్రలోకి వెళ్లి చూసుకోవాలి.

మేం ఉంటున్న నాదర్‌గుల్ సాగర్ రోడ్డుకూ శ్రీశైలం రోడ్డుకూ నడుమ ఉంది. ఈ రెండు దారుల వెంటే దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వైపు తండాల నుంచి మనవాళ్లు బతుకుదెరువుకు పట్నం వచ్చారు, ఇంకా వస్తున్నారు. కొందరు ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్‌లలో గదులు తీసుకొని చదువుకుంటున్నారు. కొందరు ఇక్కడ లేచే ఇళ్లకు ఇటుకలు మోస్తున్నారు. నిన్నటి చేన్లు ఇవాళ గజాల లెక్కన అమ్ముడుపోతున్న ఈ చోట నిలబడి చూస్తే, మన ప్రాంత చరిత్రలో ఇవ్వడం మూడు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి వెట్టి, రెండోది దానం, మూడోది పోగు.

మొదట వెట్టి సంగతి. నిజాం పాలనలో తెలంగాణ పల్లెల్లో గొల్లకురుమలు గొర్రెను, కుమ్మరులు కుండలను, గౌండ్లవాళ్లు కల్లును దొర గడీకి ఊరికే ఇవ్వాలి. మిగిలినవాళ్లు కూలి లేకుండా పని చేయాలి. పైనుంచి చూసేవాడికి ఇదీ ఇవ్వడంలాగే కనిపిస్తుంది. ఒకడి చేతిలోంచి వస్తువు ఇంకొకడి చేతిలోకి పోతూనే ఉంది. కాని ఇచ్చినవాడి ఇంట్లో ఏడుపు మిగిలింది. కాదనే వీలు లేనప్పుడు ఇచ్చినదానికి అర్థమే మారిపోతుంది. జనగామ ప్రాంతంలోని ధర్మాపురం లంబాడీ రైతులు తమ భూముల మీద కన్నేసిన విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించింది అందుకే. ఆ పోరాటంలో జాటోత్ ఠానూ నాయక్ ముందు నిలిచి 1950లో ప్రాణమిచ్చారు. బలవంతాన ఇవ్వం అన్న మనిషి, తనవాళ్ల కోసం ప్రాణాన్నే ఇష్టంతో ఇచ్చాడు. ఈ రెండు ఇవ్వడాల మధ్య ఎంత దూరం ఉందో మన పిల్లలకు ముందుగా తెలియాలి.

రెండోది దానం. దీని చరిత్ర కూడా మా చుట్టుపక్కలే నడిచింది. 1951 ఏప్రిల్‌లో హైదరాబాద్ దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. దానికి ఆచార్య వినోబా భావే వార్ధా నుంచి కాలినడకన వచ్చారు. అప్పటికి తెలంగాణ సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు. సమ్మేళనం ముగిశాక ఆయన నల్లగొండ జిల్లా వైపు నడిచి ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అక్కడి నలభై దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు ఉంటే బతుకుతామని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అట్లా మొదలైంది. తెలంగాణలో 51 రోజులు నడిచేసరికి వినోబా చేతికి సుమారు 12 వేల ఎకరాల దానపత్రాలు వచ్చాయి.

ఇందులో గొప్పతనం లేదని మేం అనం. అడిగినదానికన్నా ఇరవై ఎకరాలు ఎక్కువ ఇచ్చిన మనిషి ఆ రాత్రి హాయిగానే నిద్రపోయి ఉంటాడు. కాని ఆ తర్వాత దేశమంతటా సాగిన కథ చూడండి. కాగితం మీద ఇచ్చిన భూమిలో చాలా భాగం పేదల చేతికి చేరనే లేదు. చేరినదాంట్లోనూ కొంత రాళ్లగుట్ట, కొంత కోర్టు తగాదా. భూదాన భూముల కోసం 1965లో ప్రత్యేకంగా చట్టం వచ్చినా, ఇవాళ్టికీ రంగారెడ్డి జిల్లాలో వాటి వివాదాలు తెగలేదు. భూమి ధర పెరిగిన కొద్దీ తాత దానం మనవడికి నష్టంగా కనిపిస్తోంది. దానంలో ఉన్న చిక్కు ఇక్కడే ఉంది. ఇచ్చేవాడు మెట్టు మీద ఉంటాడు, పుచ్చుకునేవాడు మెట్టు కింద ఉంటాడు. ఇచ్చినవాడు ఆ తర్వాత పుచ్చుకున్నవాడి ఇంటికి వెళ్లి, ఈ నేలలో ఏం పండిందని అడిగే సంబంధం మిగలకపోతే, సంతోషం ఆ ఒక్క రోజుతోనే సరి.

మూడోది పోగు. తండాలో భవానికి మేకను కోసినప్పుడు మాంసాన్ని ఇళ్ల లెక్కన పోగులు వేస్తారు. మేక ఎవరిదైనా పోగు పోగే. నాయక్ ఇంటికీ, ముసలమ్మ ఒక్కతే ఉండే ఇంటికీ వాటా వెళుతుంది. పుచ్చుకున్న ముసలమ్మ తల వంచుకోనక్కరలేదు. అది భిక్ష కాదు, ఆమె వాటా. నల్లమల చెంచుల్లోనూ ఇదే న్యాయం. పెద్ద జంతువును వేటాడితే పెంటలోని వాళ్లందరికీ పంచుకున్నారు. కొండచరియకు వేలాడి తేనె తీసేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది. తన చెల్లెలి పసుపుకుంకుమలు ఆ తాడు మీదే ఉన్నాయని ఆయనకు తెలుసు. కిందివాడికి పైవాడి మీద నమ్మకం, పైవాడికి కిందివాడి మీద బాధ్యత. తేనె దిగాక ఎవరు ఎవరికి ఇచ్చారో లెక్క తేలదు. లెక్క తేలని చోటే సంతోషం నిలుస్తుందని మాకు అనిపిస్తుంది.

బంజారాల చరిత్రే పెద్ద దారి చరిత్ర. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని లదేణీలు దేశమంతా తిరిగాయి. నీళ్లు దొరకకపోతే ఎడ్లు చస్తాయి, మనుషులు చస్తారు. అందుకే బంజారాలు దారుల వెంట బావులు తవ్వారు, చెరువులు కట్టారు. మధ్యప్రదేశ్‌లోని సాగర్ పట్నపు చెరువును ఇప్పటికీ లాఖా బంజారా పేరుతోనే పిలుస్తారు. ఒకసారి తవ్విన బావి నీళ్లు వెనక వచ్చే తెలియని బిడారు తాగుతుంది. ముందరి బావి నీళ్లు మనం తాగుతాం. ఎవరికి ఇచ్చామో వాళ్ల ముఖం కూడా చూడని ఇవ్వడం ఇది.

ఇంకో పేరు మన పిల్లలకు చెప్పి తీరాలి. 1675 నవంబరులో సిక్కుల తొమ్మిదో గురువు తేగ్ బహదూర్‌ను ఔరంగజేబు ఆజ్ఞతో ఢిల్లీ చాందినీ చౌక్‌లో శిరచ్ఛేదం చేశారు. దేహాన్ని ముట్టడానికి జనం భయపడ్డారు. బంజారాలు తమవాడిగా చెప్పుకునే లఖీ షా వణజారా తన సరుకు బండ్ల మాటున ఆ దేహాన్ని తెచ్చాడు. బయట చితి పేర్చితే తెలిసిపోతుందని రాయ్‌సీనాలోని తన ఇంట్లోనే ఉంచి, ఇంటికి నిప్పు పెట్టాడు. సిక్కుల చరిత్ర ఈ సంగతిని భక్తితో చెప్పుకుంటుంది. ఆ చోట ఇప్పుడు పార్లమెంటు భవనానికి దగ్గరలో రకాబ్‌గంజ్ గురుద్వారా ఉంది.  ఇల్లు కాలిపోయిన లఖీ షాను ఎవరూ బలవంతపెట్టలేదు. ఠానూ నాయక్‌లాగే ఆయనా ఇష్టంతో ఇచ్చాడు.

ఈ ఇష్టం గురించి ఇప్పటి శాస్త్రం కూడా ఒక మాట చెబుతోంది. 2008లో 'సైన్స్' పత్రికలో ఎలిజబెత్ డన్, లారా ఆక్నిన్, మైఖేల్ నార్టన్ ఒక పరిశోధన ప్రచురించారు. కెనడాలో కొందరికి ఉదయం 5 డాలర్లో 20 డాలర్లో ఇచ్చి, కొందరిని తమ కోసం, కొందరిని ఇతరుల కోసం సాయంత్రంలోగా ఖర్చు పెట్టమన్నారు. ఇతరుల కోసం ఖర్చు పెట్టినవాళ్లే సాయంత్రానికి ఎక్కువ సంతోషంగా ఉన్నారు. 5 డాలర్లా, 20 డాలర్లా అన్నది తేడా చూపలేదు. తర్వాత 136 దేశాల సమాచారం చూసినప్పుడు పేద, ధనిక తేడా లేకుండా చాలా దేశాల్లో ఇదే సంబంధం కనిపించింది. ఇష్టంగా చేసిన సాయమే మనసుకు మేలు చేస్తుందనీ, ఒత్తిడితో చేసింది చేయదనీ ఇతర పరిశోధనలు చెప్పాయి. వెట్టికీ పోగుకూ తేడా మన తండాలకు ముందే తెలుసు.

ఈ చరిత్ర ఇవాళ మనకెందుకు? ఎల్బీనగర్ గదిలో ఉండే మన పిల్లవాడికి మొదటి జీతం రాగానే ఊరి నుంచి ఫోన్లు మొదలవుతాయి. చెల్లెలి ఫీజు, బాబాయి ఆస్పత్రి, తండాలో గుడి చందా. కొందరు అన్నింటికీ తలొగ్గి అప్పుల పాలవుతున్నారు. కొందరు విసుగెత్తి ఫోనే ఎత్తడం మానేస్తున్నారు. మొదటివాళ్లకు ఇవ్వడం వెట్టి అయిపోయింది. రెండోవాళ్లు పోగునే పోగొట్టుకున్నారు. ఈ రెండింటికీ నడుమ దారి ఉంది. ఇవ్వగలిగింది ఎంతో ముందే చెప్పడం, ఒక్కడే మోయకుండా నలుగురు కలిసి మోయడం, పరువు కోసం అడిగే చందాకు కాదని చెప్పి చదువుకు అవునని చెప్పడం. కాదనే హక్కు ఉన్నవాడే మనసారా అవును అనగలడు.

ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. దానం గురించి పాఠం చెప్పేటప్పుడు, ఇచ్చింది ఎవరు అని ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. వద్దనే వీలు వాళ్లకు ఉందా, పుచ్చుకున్నవాళ్లు తలెత్తుకొని ఉన్నారా అని కూడా పిల్లలతో అడిగించండి. హక్కుగా రావలసిన పోడు పట్టాను, స్కాలర్‌షిప్‌ను ఎవరో దయతో ఇచ్చిన దానంగా మన పిల్లలు అనుకోకూడదు. అవి మన వాటా. మన వాటా మనం అడిగి తీసుకుందాం. చేతికి వచ్చినదాంట్లోంచి పక్కింటికి పోగు వేద్దాం.