కారు ఇంజనులో కార్బన్: తక్కువ ఖర్చుతో శుభ్రపరచుట

ఇంధనం పూర్తిగా మండనప్పుడు మిగిలే కార్బన్ పిస్టన్ తలపైనా, వాల్వులపైనా పెచ్చుగా పేరుకుంటుంది. ఊరికీ సంతకూ మధ్యనే తిరిగే కార్లలో ఇంజను తగినంత వేడెక్కక ఇది మరింత పెరుగుతుంది. కిరోసిన్ కలిపిన కల్తీ పెట్రోలు సంగతి చెప్పనక్కరలేదు.

డబ్బు వెచ్చించే ముందు స్పార్క్ ప్లగ్గు విప్పి చూడాలి. నూనె తడితో నల్లగా ఉంటే రింగులో, వాల్వు సీళ్లో అరిగి ఉండవచ్చు. అప్పుడు ఏ మందు పోసినా వృథాయే. పొడి మసి అయితే మొదట ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందేమో పరిశీలించాలి. తరువాత పాలీఈథర్ అమీన్ గల క్లీనరును డబ్బాపై సూచించిన కొలతలో పెట్రోలు ట్యాంకులో కలిపి, రహదారిపై కొంతదూరం నిలకడగా నడపడం చవకైన మార్గం. పెట్రోలును నేరుగా సిలిండరులోకి చిమ్మే ఇంజన్లలో మాత్రం ఈ మందు ఇన్‌టేక్ వాల్వులను తాకదు. వాటిని విడిగా శుభ్రం చేయించవలసిందే.

నడుస్తున్న ఇంజనులోకి నీళ్లు పోసే పాత చిట్కా ఒకటుంది. నీరు గాలివలె అణగదు. పాలు ఎక్కువైతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నడుస్తున్న డీజిల్ ఇంజను గాలి గొట్టంలోకి మండే స్ప్రే కొట్టనే కూడదు. అదే ఇంధనమై ఇంజను అదుపు తప్పితే తాళం తీసినా ఆగకపోవచ్చు.