కిటికీకి రూట్ పెత్తనం ఎందుకు? సుడో వెనక కథ

పాలకీడు తండాల నుంచి కోదాడ, మిర్యాలగూడ వెళ్లి కంప్యూటర్లు చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు వేసుకుంటుంటారు. ఒక్క ల్యాప్‌టాప్ మీద ముగ్గురు నలుగురు చదివే ఇళ్లు మనవి. అందుకే 'సుడో జీఎడిట్' అని కొట్టే ముందు దాని చరిత్ర కొంచెం తెలుసుకుందాం.

యూనిక్స్ 1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైంది. అందులో సర్వాధికారం రూట్‌ది. ఆ పాస్‌వర్డ్ తెలిస్తే మెషిన్ మొత్తం చేతికొచ్చినట్టే. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో యూనివర్సిటీలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ సుడో రాశారు. రూట్ పాస్‌వర్డ్ చెప్పకుండానే ఒక్క కమాండ్ వరకు అధికారం ఇవ్వొచ్చు. 2004 అక్టోబర్‌లో వచ్చిన మొదటి ఉబుంటు అయితే రూట్ అకౌంట్‌కు తాళమే వేసింది.

కమాండ్‌కు సరిపోయిన పద్ధతి కిటికీలకు సరిపోలేదు. కమాండ్ తన పని చేసి పోతుంది. ఎడిటర్ అట్లా కాదు, తెరిచినంతసేపు దాని థీములు, ప్లగిన్లు అన్నీ రూట్ బలంతోనే నడుస్తాయి. పైగా ఉబుంటు 19.10కి ముందు సుడో కొట్టినా హోమ్ ఫోల్డర్ మనదే ఉండేది. అక్కడ ఎడిటర్ రాసిన ఫైళ్లు రూట్ పేరు మీద పడేవి. 'ఎక్స్‌అథారిటీ' ఫైల్ అట్లా రూట్ పరమైతే, పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా లాగిన్ స్క్రీనే మళ్లీ మళ్లీ వస్తుంది. పరీక్ష ముందు రోజు ఇలా అయితే? కంగారుపడి ఫార్మాట్ కొట్టొద్దు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి, లాగిన్ అయి, 'చోన్' కమాండ్‌తో ఆ ఫైల్‌ను మన పేరు మీదికి మార్చుకుంటే చాలు. పట్టా మార్పిడి లాంటిదే, కాకపోతే ఆఫీసుల చుట్టూ తిరిగే పని లేదు!

తర్వాత గ్నోమ్‌కు జీకేసు, కేడీఈకి కేడీఈసు వచ్చి ఫైళ్ల గొడవ తగ్గించాయి. కిటికీ మాత్రం మొత్తం రూట్‌గానే నడిచేది.

దారి మార్చింది పోల్‌కిట్. ఇందులో కిటికీ మామూలు యూజర్‌గానే ఉంటుంది, వెనక ఒక చిన్న సర్వీసు అనుమతి తీసుకుని ఆ ఒక్క పని చేసిపెడుతుంది. తండా నాయక్ తన పెద్దరికం రాసివ్వడు కదా, ఒక పని అప్పజెప్పి కారోబారిని పంపుతాడు.

2016 నవంబర్‌లో ఫెడోరా 25, 2017 అక్టోబర్‌లో ఉబుంటు 17.10 వేల్యాండ్‌కు మారాయి. సినాప్టిక్ లాంటివి రూట్‌గా తెరుచుకోక జనం తిట్టుకున్నారు. 2018లో డెబియన్, ఉబుంటు జీకేసునే తీసేశాయి. మా లెక్కలో అది మంచి పనే. అట్లాగని పోల్‌కిట్‌లో లోపం లేదని కాదు. దాని 'పీకేఎగ్జెక్'లో 2009 నుంచి దాగిన ఒక తప్పును 2022 జనవరిలో క్వాలిస్ సంస్థ బయటపెట్టింది. దానితో మామూలు యూజర్ కూడా పాస్‌వర్డ్ లేకుండా రూట్ అయిపోగలిగేవాడు. కాబట్టి అప్‌డేట్లు ఆపకండి.

సిస్టం ఫైల్ మార్చాల్సి వస్తే 'సుడోఎడిట్' వాడండి. ఎడిటర్ మన పేరు మీదే, ఒక కాపీ మీద నడుస్తుంది. సేవ్ చేసి మూసేశాకే అసలు ఫైల్ మారుతుంది.