సారా మీద నిలబడ్డ ప్రభుత్వాలు, సారా మీద కూలిన ప్రభుత్వాలు

గ్రూపులో రాజకీయాలు పెట్టొద్దని అడ్మిన్ అక్క మొదటిరోజే చెప్పింది. మంచి మాటే. 2024 ఎన్నికలప్పుడు ఒకే ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు కూడా నెల రోజులు మాట్లాడుకోలేదు. అందుకే ఏ పార్టీ మంచిదన్న జోలికి నేను పోను. ఇది పాత సంగతి, చరిత్ర.

దీన్ని రాయించింది ఒక చెల్లెలు. మొన్న శుక్రవారం ఘాలాలో ప్రార్థన అయ్యాక చర్చి గేటు దగ్గర టాక్సీ కోసం నిలబడ్డాం. ఆ అమ్మాయిది నెల్లూరు వైపు. "ఏ ప్రభుత్వం వస్తే ఏముందిలే అక్కా, నేను పంపే రియాళ్ళు చివరికి వైన్ షాపుకే పోతాయి" అంది. కాసేపాగి, "మా అమ్మావాళ్ళు చీపుర్లు పట్టుకుని సారా అంగడి మూయించారంట. మరి అదంతా ఏమైపోయినట్టు?" అని అడిగింది. నాకు వెంటనే జవాబు దొరకలేదు.

జవాబు కోసం చాలా వెనక్కి పోవాలి. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మొదటి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. ఆ ప్రభుత్వం ఏడాది కాస్త దాటి నిలిచింది, అంతే. 1954 నవంబర్‌లో అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఏ విషయం మీద అనుకున్నారు? మద్యనిషేధం మీద! మద్రాసు రాష్ట్రం నుంచి వచ్చిన నిషేధ చట్టం అప్పటికి అమల్లో ఉంది. అది పనిచెయ్యట్లేదు, తీసెయ్యమని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. పంతులు గారు తియ్యలేదు. కల్లుగీత మీద బతికేవాళ్ళ గోడు ఒకవైపు, దాని తరఫున గట్టిగా నిలబడ్డ గౌతు లచ్చన్న లాంటి నాయకులు ఇంకోవైపు, ప్రతిపక్షంలో కమ్యూనిస్టులు. అందరూ కలిశారు, ప్రభుత్వం పోయింది. గీతకార్మికుల బాధ నిజమే, కాదనను. కానీ ఆ గొడవంతటిలో తాగొచ్చిన మొగుడి చేత దెబ్బలు తినే ఆడమనిషి మాట ఎవరూ అడిగినట్టు లేదు.

తర్వాత 1983 దాకా కాంగ్రెస్సే. ముఖ్యమంత్రులు మాత్రం మారేవారు, అదీ ఢిల్లీ మాట మీద. 1978లో గెలిచిన అసెంబ్లీ అయిదేళ్ళలో నలుగురిని చూసింది: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. ఈ మధ్యలో, 1960ల చివర, కోస్తా, రాయలసీమల్లో ఉన్న నిషేధాన్ని ఎత్తేశారు. తెలంగాణలోనైతే నిజాం కాలం నుంచీ ఆబ్కారీ సర్కారుకు పెద్ద ఆదాయమే. ఇక రాష్ట్రం మొత్తం అదే దారి పట్టింది. 1970-71లో ఆబ్కారీ మీద వచ్చింది 39 కోట్లు. 1991-92కి 812 కోట్లు. రూపాయి విలువ తగ్గిందనుకున్నా ఇది మామూలు పెరుగుదల కాదు.

1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పెట్టారు, తొమ్మిది నెలల్లో అధికారంలోకి వచ్చారు. మా ఇళ్ళల్లో ఆయన్ని కిలో రెండు రూపాయల బియ్యంతో గుర్తుపెట్టుకుంటారు. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా చట్టం కూడా ఆయన హయాందే. కానీ ఆ హయాంలోనే 'వారుణి వాహిని' అన్న పేరుతో సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ చేర్చారన్నది ఎందుకో పెద్దగా చెప్పుకోం. అంతకుముందు తాగాలంటే అంగడి దాకా నడవాలి. ప్యాకెట్టు వచ్చాక అదే ఇంటి గుమ్మం ముందుకు వచ్చింది. కూలి డబ్బులు ఇంటికి రాకముందే ఖాళీ.

1989 చివర్లో కాంగ్రెస్ మళ్ళీ వచ్చింది. ప్యాకెట్టు మాత్రం మారలేదు.

ఇక్కడికొచ్చాక నెల్లూరు జిల్లా. 1991లో అక్కడ 'అక్షర దీపం' అని వయోజన విద్య మొదలైంది. రాత్రి బళ్ళకు ఆడవాళ్ళే ఎక్కువ వచ్చారు. అ ఆ లు దిద్దుతూ ఒకరి కష్టం ఒకరు చెప్పుకున్నారు, అందరి కష్టమూ ఒకటేనని తేలింది. కలిగిరి మండలం దూబగుంటలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్ళు కలిసి ఊళ్ళో సారా ఆపేశారు. ఆ కథే పాఠమై మిగతా ఊళ్ళ రాత్రి బళ్ళలో చదివించారు. చదివినవాళ్ళు ఊరుకుంటారా? చీపుర్లు, కారప్పొడి పట్టుకుని బయల్దేరారు. ప్యాకెట్లు కుప్పపోసి కాల్చారు. 1992లో జిల్లా సారా వేలంపాట జరగనివ్వలేదు, వాయిదా మీద వాయిదా పడింది. రాష్ట్ర ఖజానాకు తగిలిన దెబ్బ ఇదే. ఊళ్ళో అంగడి మూస్తే కాంట్రాక్టరుకు నష్టం, వేలం ఆగితే సర్కారుకు నష్టం.

అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిది ఆ జిల్లానే. ఆయన దిగిపోయింది వేరే గొడవలో, ప్రైవేటు కాలేజీల అనుమతులపై కోర్టు తీర్పు వచ్చాక. ఆయన తర్వాత మళ్ళీ వచ్చిన కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు.

అయినా కాంగ్రెస్ గెలవలేదు. ఎన్టీఆర్ ఇంకో అడుగు ముందుకేసి, సారాయే కాదు, మొత్తం మద్యమే ఉండదన్నారు. 1994 డిసెంబర్‌లో 294 స్థానాల్లో తెలుగుదేశానికి 216 వచ్చాయి, కాంగ్రెస్‌కు 26. ప్రమాణ స్వీకారం రోజే నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. 1995 జనవరి 16 నుంచి అమలు. సెప్టెంబర్‌కల్లా ఆయన పదవి పోయింది, చంద్రబాబు నాయుడు వచ్చారు. దొంగసారా, పక్క రాష్ట్రాల నుంచి రవాణా, ఖాళీ ఖజానా అన్న కారణాలతో 1997లో నిషేధం తీసేశారు.

ఇక్కడ నాకు తట్టిన సంగతి ఒకటుంది. ఎన్నికల హామీగా పైనుంచి వచ్చిన సంపూర్ణ నిషేధం రెండేళ్ళు నిలిచింది. ఆడవాళ్ళు రోడ్డెక్కి సాధించిన సారా నిషేధాన్ని మాత్రం ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ ఎత్తెయ్యలేదు. సర్కారు సారా ప్యాకెట్టు మళ్ళీ రాలేదు. చాటుగా కాచే నాటుసారా వేరే సంగతి. అయితే సారా పోయిన చోటికి బ్రాందీ, విస్కీ వచ్చి కూర్చున్నాయి. ఆ చెల్లెలు అన్న వైన్ షాపు అదే.

2014లో రాష్ట్రం రెండైంది. రెండు చోట్లా పార్టీలు మారాయి, ఆదాయం లెక్క మారలేదు. ఆంధ్రలో 2019లో దశలవారీ నిషేధం మాటతో వైయస్సార్ కాంగ్రెస్ 175లో 151 గెలిచింది. దుకాణాలు ప్రభుత్వమే తీసుకుని నడిపింది, ధరలు పెంచింది, నిషేధం మాత్రం పూర్తిగా రాలేదు. 2024లో అదే పార్టీకి 11 వచ్చాయి. కొత్త కూటమి ప్రభుత్వం దుకాణాలు మళ్ళీ ప్రైవేటుకిచ్చింది, 99 రూపాయల క్వార్టర్ తెచ్చింది. ఒకరు ధర పెంచితే ఇంటి డబ్బు ఎక్కువ పోయింది. ఇంకొకరు తగ్గిస్తే తాగుడు ఎక్కడికి పోతుందో ఇంకా చూడాలి.

మనకు ఓటుందా అని కొందరు అడుగుతుంటారు. ఉంది. 2011 నుంచి ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు విదేశంలో ఉన్నా ఫారం 6ఏ నింపి పేరు చేర్చుకోవచ్చు. కాకపోతే ఓటు వెయ్యడానికి ఊరికి మనమే పోవాలి, పాస్‌పోర్టు చూపించాలి. మస్కట్ నుంచి రానుపోను టికెట్టు, మేడమ్ ఇచ్చే సెలవు, ఈ రెండూ కుదిరినవాళ్ళు మనలో ఎంతమందో మీకే తెలుసు.

ఆ చెల్లెలు రాత్రి వాళ్ళమ్మకు ఫోన్ చేసి అడిగిందట. ఆమె పంపిన వాయిస్ నాకు పెట్టింది. ఆ పెద్దమ్మ నవ్వుతూ చెప్తోంది: "సారా బండి తోలేవాడు మన వీధోడేనమ్మా. మాకందరికీ ముందు నిలబడింది వాడి పెళ్ళామే."