ఇంటికి వచ్చిన బడి: అమెరికాలో వికలాంగ విద్యార్థుల దూరవిద్య, సాంగత్యం

అమెరికాలో బడి విద్యార్థి ఇంటికి తరలిరావడం 2020లో కరోనాతో పుట్టిన వింత కాదు. మొదట తపాలా సంచిలో, తరువాత టెలిఫోన్ తీగ మీద, ఆ పైన కంప్యూటర్ తెర మీద పాఠం ఇల్లు చేరిన చరిత్ర ఈ దేశంలో నూరేళ్లకు పైబడినది. ఆ చరిత్రలో ముందు వరుసలో కనిపించేవారు చూపు లేనివారు, వినికిడి లేనివారు, పోలియో వల్ల మంచం పట్టినవారు. అయితే దీనిని యంత్రాల పురోగతిగా మాత్రమే చదివితే అసలు సంగతి చేజారిపోతుంది. పాఠం అందడం వేరు, తోటివారి సాంగత్యం దొరకడం వేరు. మొదటిదానిని ఏదో ఒక మేరకు సమకూర్చడానికి ఈ సమాజం పెద్దగా వెనుకాడలేదు గాని, రెండవదాని కోసం వికలాంగులు న్యాయస్థానాల మెట్లెక్కవలసి వచ్చింది, ప్రభుత్వ కార్యాలయాలలో రోజుల తరబడి బైఠాయించవలసి వచ్చింది.

దూరవిద్య తొలి రూపాలలో చెప్పుకోదగినది ఇల్లినాయ్ రాష్ట్రంలోని విన్నెట్కా పట్టణంలో 1920లో మొదలైన హ్యాడ్లీ అంధుల పాఠశాల. దాని స్థాపకుడు విలియం హ్యాడ్లీ షికాగోలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడిగా పనిచేసి, యాభై అయిదవ ఏట చూపు కోల్పోయి, వేళ్లతో తడిమి చదివే చుక్కల లిపి అయిన బ్రెయిలీని ఆ వయసులో తనంతట తానుగా నేర్చుకున్నారు. తనలాగే నడివయసు దాటాక చూపు పోయినవారికి నేర్పే దిక్కు లేదని గమనించి, పొరుగింటి నేత్రవైద్యుడి తోడ్పాటుతో, రుసుము లేకుండా, పాఠాలను తపాలాలో పంపడం ప్రారంభించారు. తొలి విద్యార్థిని కాన్సస్ రాష్ట్రంలోని ఒక రైతు ఇల్లాలు. బ్రెయిలీ పుస్తకం మామూలు అచ్చు పుస్తకం కంటే ఎన్నో రెట్లు లావు, బరువు కాబట్టి తపాలా ఖర్చే ఇటువంటి చదువును మింగేయగలదు. అంధుల పఠన సామగ్రికి తపాలా రుసుము మినహాయించే శాసనం 1904లోనే రావడం వల్ల దారి కొంత సుగమమైంది. ఘనమైన సంస్కరణల జాబితాలలో కనిపించని ఆ చిన్న శాసనం నిజానికి ఎన్నో పెద్ద ప్రకటనల కంటే ఎక్కువ మేలు చేసింది. హ్యాడ్లీ విద్యార్థులు చాలావరకు పెద్దవారు, చదువును తామే కోరుకున్నవారు. ఇంట్లో కూర్చుని చదవడం వారి మీద ఎవరో మోపిన ఏర్పాటు కాదు.

బడి వయసు పిల్లల విషయంలో పరిస్థితి భిన్నం. 1930ల చివర అయోవా రాష్ట్రంలో తరగతి గదిని టెలిఫోన్ తీగ ద్వారా పిల్లవాడి మంచం పక్కకు కలిపే పద్ధతి మొదలైంది. ఇటు ఒక పెట్టె, అటు ఒక పెట్టె. ఉపాధ్యాయుడి మాట ఇంట్లో వినిపిస్తుంది, పిల్లవాడు మీట నొక్కి సమాధానం చెబితే తరగతికి వినిపిస్తుంది. పోలియో విజృంభించిన కాలంలో, ముఖ్యంగా దాదాపు 58 వేల కేసులు నమోదైన 1952 ప్రాంతాలలో, ఇటువంటి ఏర్పాట్ల అవసరం బాగా పెరిగింది. తీగ లేనిచోట ఉపాధ్యాయుడే వారానికి కొన్ని గంటలు ఇంటికి వచ్చి చెప్పి వెళ్లేవారు. ఇది దయగల ఏర్పాటే, కాని బడిలో చేర్చుకోకపోవడానికి అందమైన సాకుగా కూడా పనికివచ్చింది. తరువాతి కాలంలో వికలాంగుల హక్కుల ఉద్యమానికి నాయకురాలైన జూడీ హ్యూమన్‌ను న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో అయిదేళ్ల వయసులో బడికి తీసుకువెళ్తే, ఆమె చక్రాల కుర్చీ అగ్నిప్రమాదం జరిగితే అడ్డమవుతుందని చెప్పి ప్రధానోపాధ్యాయుడు తిప్పి పంపారు. ఆ తరువాత కొన్నేళ్లపాటు ఆమెకు దక్కిన ప్రభుత్వ విద్య ఇంటి దగ్గర వారానికి మొత్తం రెండున్నర గంటలు. అదే అగ్నిప్రమాదపు వాదనతో 1970లో ఆమెకు ఉపాధ్యాయ అనుమతి పత్రం నిరాకరించినప్పుడు ఆమె న్యాయస్థానంలో దావా వేసి దానిని సాధించుకున్నారు.

ఈ చరిత్రకు కేంద్రంగా నిలిపి చూడవలసిన జీవితం ఎడ్ రాబర్ట్స్‌ది. కాలిఫోర్నియాలోని బర్లింగేమ్‌కు చెందిన ఈయనకు 1953లో, పద్నాలుగో ఏట, పోలియో సోకి మెడ కింది శరీరం దాదాపు చచ్చుబడింది. ఊపిరి తీయడానికి ఐరన్ లంగ్, అనగా మనిషిని మెడ వరకు లోపల ఉంచి గాలి పీడనంతో శ్వాస ఆడించే ఉక్కు గొట్టం, అవసరమైంది. ఉన్నత పాఠశాల చదువు టెలిఫోన్ ద్వారానే సాగింది. పాఠాలు అందుతున్నాయి, మార్కులు వస్తున్నాయి, ఎవరికీ ఇబ్బంది లేదు. అయినా తల్లి జోనా ఒప్పుకోక, వారానికి ఒక్కసారైనా బడికి స్వయంగా వెళ్లవలసిందేనని పట్టుబట్టారు. మొదటిసారి బడి ఆవరణలో అందరూ తనవైపే చూడడం తనను భయపెట్టిందనీ, ఆ చూపులు తనకు హాని చేయవని క్రమంగా తెలుసుకున్నాననీ, సినిమా తారను చూసినట్టు చూస్తున్నారనుకోవడం మొదలుపెట్టాననీ రాబర్ట్స్ తరువాతి కాలంలో చెప్పేవారు. టెలిఫోన్ ఆయనను ఆ చూపుల నుంచి కాపాడింది, కాపాడుతూనే వాటిని ఎదుర్కొనే అలవాటు పడకుండా చేసింది. చదువు ముగిశాక వ్యాయామ విద్య, కారు నడపడం అనే రెండు విషయాలు పూర్తి చేయలేదన్న కారణంతో పట్టా ఇవ్వడానికి పాఠశాల నిరాకరించింది; మెడ కింద కదలిక లేని విద్యార్థి కారు నడపలేదని పట్టా ఆపడంలోని విడ్డూరాన్ని అధికారులకు వివరించడానికి సైతం ఆ తల్లి పోరాడవలసి వచ్చింది.

రాబర్ట్స్ 1962లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరారు. ఆయన ఐరన్ లంగ్ పట్టే వసతిగృహం లేక, ఆవరణలోని కావెల్ ఆసుపత్రిలో ఒక గదిని నివాసంగా ఇచ్చారు. దూరంగా పెట్టడానికి చేసినట్టు కనిపించే ఈ ఏర్పాటు తలకిందులుగా ఫలించింది. తీవ్ర వైకల్యం ఉన్న మరికొందరు విద్యార్థులు అదే అంతస్తుకు వచ్చి చేరడంతో ఆసుపత్రి వసారా ఒక రాజకీయ పాఠశాలగా మారింది. చక్రాల కుర్చీలను గుర్తుచేసే రోలింగ్ క్వాడ్స్ అన్న పేరును వారు తమకు తామే సరదాగా పెట్టుకున్నారు. వారి చొరవ నుంచి 1972లో బర్క్‌లీలో స్వతంత్ర జీవన కేంద్రం ఏర్పడింది. స్వతంత్ర జీవనం అంటే ఎవరి సాయమూ లేకుండా బతకడం కాదు. సాయం ఎవరు, ఎప్పుడు, ఎలా చేయాలో వికలాంగులే నిర్ణయించుకోవడం. ఉద్యోగానికి ఎన్నటికీ పనికిరాడని ఒకప్పుడు రాబర్ట్స్‌ను తోసిపుచ్చిన రాష్ట్ర పునరావాస శాఖకే 1975లో ఆయన అధిపతి అయ్యారు.

చట్టాలు ఇదే కాలంలో వచ్చాయి. ప్రభుత్వ నిధులు పొందే ఏ సంస్థా వైకల్యం కారణంగా వివక్ష చూపరాదని 1973 చట్టంలోని 504వ సెక్షన్ చెప్పింది, కాని దాని నిబంధనలు నాలుగేళ్లు వెలువడలేదు. 1977 ఏప్రిల్‌లో హ్యూమన్ మొదలైనవారు శాన్‌ఫ్రాన్సిస్కో ప్రభుత్వ భవనాన్ని మూడు వారాలకు పైగా ఆక్రమించాకనే వాటిపై సంతకం పడింది. ఈలోగా 1975లో వికలాంగ బాలలందరి విద్యా చట్టం వచ్చింది. దాని కిందకు వచ్చే ప్రతి విద్యార్థికీ తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కలిసి ఒక వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాయాలి. దీనినే ఈ దేశంలో ఐఈపీ అంటారు. ఆ ప్రణాళికలో పిల్లవాడు తోటి పిల్లలతో ఎంతమేరకు కలిసి ఉండబోవడం లేదో, ఎందుకో వివరించాలి. పాఠాలకే కాక మధ్యాహ్న భోజనానికి, ఆటవిడుపు సమయానికి కూడా ఈ కలయిక వర్తిస్తుందని నిబంధనలు పేర్కొంటాయి. శాసన భాషలో ఆటవిడుపుకు చోటు దొరకడం అరుదు. పాఠం వల్లనే బడి పూర్తికాదని ఆ నిబంధన రాసినవారికి తెలుసు.

బధిరుల చరిత్ర ఈ దారికి కొంత అడ్డంగా నడుస్తుంది. కనెటికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో 1817లో బధిరుల పాఠశాల నెలకొన్న నాటి నుంచి వారి సమాజం ఆశ్రమ పాఠశాలల్లోనే పెరిగింది. అమెరికా సంజ్ఞా భాష వేళ్లూనింది అక్కడే. ఊరి బడిలో ముప్పైమంది వినగల పిల్లల మధ్య ఒంటరిగా కూర్చున్న బధిర బాలికకు అది కలయిక కాదు, ఏకాంతం. అందుచేత అందరితో కలిపి చదివించే విలీన విద్యను బధిరులలో చాలామంది అనుమానంగానే చూశారు. పెద్దయ్యాక వారిని విడదీసింది టెలిఫోన్. వినగలవారిని కలిపిన ఆ యంత్రమే వీరిని ఉద్యోగాలకు, స్నేహాలకు దూరం చేసింది. 1964లో రాబర్ట్ వైట్‌బ్రెక్ట్ అనే బధిర భౌతికశాస్త్రవేత్త ఒక చిన్న పరికరం రూపొందించారు. టెలిఫోన్ రిసీవర్‌ను దాని మీద ఆనించి పెడితే, టెలీప్రింటర్ మీద కొట్టిన అక్షరాలు శబ్దాలుగా మారి తీగ మీద ప్రయాణించి, అవతలి టెలీప్రింటర్‌లో మళ్లీ అక్షరాలుగా అచ్చవుతాయి. టెలిఫోన్ కంపెనీ తన తీగకు ఇతరుల యంత్రాలు తగిలించనివ్వని రోజులవి; శబ్దం ద్వారా కలపడం వల్ల ఆ నిషేధాన్ని తాకకుండానే పని జరిగింది. బధిర దంతవైద్యుడు జేమ్స్ మార్స్టర్స్‌తో ఆయన కాలిఫోర్నియాలో ఈ పద్ధతిలో దూరసంభాషణ జరిపారు. ఆ తరువాత బధిర స్వచ్ఛంద కార్యకర్తలు కంపెనీలు పారేసిన భారీ టెలీప్రింటర్లను సేకరించి, బాగుచేసి, ఇంటింటికీ మోసుకెళ్లి బిగించారు. ఇక నీ వంతు అని తెలపడానికి వాక్యం చివర జీఏ అని కొట్టడం వంటి మర్యాదలు వారిలో ఏర్పడ్డాయి. టైపు చేసి మాట్లాడుకునే సమాజం అమెరికాలో ముందుగా ఏర్పడింది బధిరుల ఇళ్లలోనే అనడం అతిశయోక్తి కాదు. దీనిని ఏ విద్యాశాఖా ఇవ్వలేదు, వారే నిర్మించుకున్నారు. ఇంటి నుంచి కదలలేని పిల్లవాడికి అధికారులు పంపిన టెలిఫోన్ పాఠానికీ దీనికీ ఉన్న తేడా అంతా అందులోనే ఉంది.

ఇంటర్నెట్ కాలంలో ఈ రెండు దారులూ ఒకదానిలో ఒకటి చిక్కుపడ్డాయి. విశ్వవిద్యాలయాలు ప్రపంచమంతటికీ ఉచితమంటూ పెట్టిన ఉపన్యాస వీడియోలకు మాటలను అక్షరాలలో చూపే క్యాప్షన్లు లేకపోవడంతో, జాతీయ బధిరుల సంఘం 2015లో హార్వర్డ్, ఎంఐటీలపై దావా వేసింది. అవి 2019, 2020లలో క్యాప్షన్లకు ఒప్పుకుని రాజీపడ్డాయి. బర్క్‌లీ కథ వేరుగా నడిచింది. పాఠాలు తమకు అందుబాటులో లేవని బధిరులు చేసిన ఫిర్యాదుపై 2016లో కేంద్ర న్యాయశాఖ తప్పుపట్టగా, ఆ విశ్వవిద్యాలయం 2017లో 20 వేలకు పైగా వీడియో, ఆడియో పాఠాలను సరిచేయడానికి బదులు ప్రజల నుంచి తొలగించింది. వికలాంగుల ఉద్యమానికి పుట్టినిల్లయిన ఊరిలోనే, తలుపు వెడల్పు చేయమంటే ఇల్లే మూసివేసిన చందంగా ఇది జరిగింది. నింద మాత్రం ఫిర్యాదు చేసినవారి మీద పడింది. 

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు 1975 నాటి ఆ వికలాంగ బాలల విద్యా చట్టం కింద సేవలు పొందుతున్న విద్యార్థులు సుమారు 73 లక్షలు, అంటే ప్రభుత్వ పాఠశాలల పిల్లలలో 14 శాతం. శరీరానికి వ్యాయామం చేయించవలసిన చికిత్స తెర మీద జరగలేదు. ఆటిజం ఉన్న పసివాడిని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టే పని తల్లుల మీద పడింది. ముఖానికి కట్టిన మాస్కు బధిరులకు పెదవుల కదలికను దాచేసింది. మరోవైపు, రద్దీ వరండాలు, గంటల మోత, వెక్కిరింపులు లేని తరగతిలో తేలికగా ఊపిరి తీసుకున్న విద్యార్థులూ ఉన్నారు. జబ్బు వల్ల బడికి రాలేని రోజుల్లో ఇంటి నుంచి పాఠం వింటామని ఏళ్ల తరబడి అడిగి లేదనిపించుకున్నవారు, అందరికీ అవసరం పడగానే కొద్ది వారాలలోనే అది సాధ్యం కావడం చూసి నొచ్చుకున్నారు. వారి నొప్పి సహేతుకం.

తెలుగునేలకు ఈ చరిత్ర పరాయిది కాదు. భారత విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ బహుళ, తీవ్ర వైకల్యాలున్న బాలలకు గృహ ఆధారిత విద్యను ఎంచుకునే హక్కు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండలాల్లో వికలాంగ బాలల కోసం నడిచే భవిత కేంద్రాల ప్రత్యేక ఉపాధ్యాయులు అటువంటి పిల్లల ఇళ్లకు వెళుతుంటారు. ఎంచుకోవడం అన్న మాట చట్టంలో ఉంది గాని, ర్యాంపు లేని బడి, సరైన మరుగుదొడ్డి లేని బడి ఎదురైనప్పుడు తల్లిదండ్రులు చేసేది ఎంపికా, గత్యంతరం లేని ఒప్పుకోలా అన్నది ఇల్లిల్లూ తిరిగే ఆ ఉపాధ్యాయులకే బాగా తెలుసు. అమెరికాలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు తొలిసారి ఐఈపీ సమావేశంలో కూర్చున్నప్పుడు మాట, నడక చికిత్సలకు ఎన్ని నిమిషాలు కేటాయించారన్న లెక్క మీదే దృష్టి పెట్టడం సహజం. తోటి పిల్లలతో గడిపే సమయం గురించిన వివరణ కూడా ఆ పత్రంలోనే ఉంటుంది, దానిని మార్చమని అడిగే హక్కూ వారికి ఉంటుంది.

2024 ఏప్రిల్‌లో అమెరికా కేంద్ర న్యాయశాఖ, ప్రభుత్వ పాఠశాలలు, విశ్వవిద్యాలయాలతో సహా రాష్ట్ర, స్థానిక సంస్థల వెబ్‌సైట్లు, మొబైల్ యాప్‌లు వికలాంగులకు అందుబాటులో ఉండేందుకు నిర్దిష్ట సాంకేతిక ప్రమాణాలు పాటించాలని నిబంధన వెలువరించింది. తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అర్థమయ్యే పేజీ ఎలా ఉండాలో, వీడియోకు క్యాప్షన్ ఎలా ఉండాలో అది వివరంగా చెబుతుంది. ఆన్‌లైన్ తరగతి ముగిశాక పిల్లవాడు ఎవరితో భోజనం చేస్తాడన్నది దాని పరిధిలోనిది కాదు. ఆ సంగతి ఇప్పటికీ ప్రతి విద్యార్థికీ విడిగా, ఏటా ఒకసారైనా, ఒక బల్ల చుట్టూ కూర్చుని తేల్చవలసి ఉంటుంది.